తాళాలు ఎవరి దగ్గర?

(అయ్యంకి వెంకట రమణయ్య స్మారక ఉపన్యాసం)



అయ్యంకి వారి పేరు మీద మాట్లాడమని కబురు వచ్చినప్పుడు సంతోషం కన్నా బెరుకే ఎక్కువ కలిగింది. 1890లో తూర్పు గోదావరి సీమలోని కొంకుదురులో పుట్టి, 1979లో కన్నుమూసేదాకా ఆయన గ్రంథాలయాల కోసమే బతికారు. 1914 ఏప్రిల్ 10న బెజవాడ రామమోహన గ్రంథాలయంలో, చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి అధ్యక్షతన, ఆంధ్రదేశం నలుమూలల్లోని గ్రంథాలయాల వాళ్ళు తొలిసారి ఒకచోట కూర్చున్నారు. వాళ్ళను కూడగట్టిన అయ్యంకి వారికి అప్పటికి ఇరవై నాలుగేళ్ళు నిండలేదు. మరో అయిదున్నరేళ్ళకు, 1919 నవంబరు 14న, మద్రాసులో దేశం మొత్తానికీ ఒక గ్రంథాలయ మహాసభ జరిగింది. ఇవాళ్టికీ మన గ్రంథాలయ వారోత్సవాలు ఆ తేదీనే మొదలవుతాయి. 1972లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఆయన్ని గ్రంథాలయ పితామహుడు అంటాం. ఆ బిరుదుకు దణ్ణం పెడుతూనే చెబుతున్నాను, నాకు ఆయన కార్యదర్శిగానే ఎక్కువ ఆప్తులు. ఉత్తరాలు రాసేవాడు, జవాబు రాకపోతే మళ్ళీ రాసేవాడు, సభ అయ్యాక అద్దె కుర్చీలు లెక్కపెట్టి పంపేవాడు, తీర్మానాలు ముత్యాల్లాంటి అక్షరాలతో పుస్తకంలోకి ఎక్కించేవాడు: కార్యదర్శి అంటే ఇతను. జీతం లేదు. తెలుగునాట గ్రంథాలయోద్యమమంతా ఇలాంటి జీతం లేని పదవుల మీదే నిలబడింది. అందుకే ఇవాళ పుస్తకాల గురించి కాకుండా, ఆ పదవులు ఖాళీ అయినప్పుడు ఏమవుతుందో, వాటిని ఎలా నింపుకోవాలో మాట్లాడతాను. గ్రంథాలయ కమిటీ అయినా, బడి యాజమాన్య కమిటీ అయినా, నీటి సంఘమైనా, కాలనీ సంక్షేమ సంఘమైనా బాధ ఒక్కటే.

నా మాట ముందే చెప్పేస్తాను. కుర్చీ ఖాళీ అయ్యాక మనిషి కోసం వెతుకులాట మొదలుపెడితే అప్పటికే ఆలస్యమైపోయినట్టు. మనిషి కుర్చీలో ఉండగానే ఆ పని నలుగురి చేతుల్లో పడాలి.

1

మాది కృష్ణా డెల్టాలో ఒక ఊరు. మా గ్రంథాలయం సర్కారుది కాదు. పదకొండు మంది కార్యవర్గం, ఇన్ని చందాలు, ఊడ్చే కుర్రాడికి నెలకు ఇంతని ఇవ్వడం, అంతే. నేను పదిహేడేళ్ళు కార్యదర్శిగా చేశాను. బడి వదలగానే సైకిలు అక్కడికే తిరిగేది. “మాస్టారు లేకపోతే గ్రంథాలయమే లేదండీ” అని ఊళ్ళో అనేవారు. ఆ మాట ఎవరన్నా నాకు కడుపు నిండినట్టుండేది.

పదిహేడో ఏట గుండె ఆపరేషన్ అయింది. మూడున్నర నెలలు హైదరాబాదులో మా అమ్మాయి దగ్గర ఉండిపోయాను. తిరిగొచ్చి తలుపు నెడితే అది పూర్తిగా తెరుచుకోలేదు. పేపరబ్బాయి గడప కింది సందులోంచి రోజూ తోసిన దినపత్రికలు లోపల అడ్డం పడి ఉన్నాయి. మడత విప్పని పత్రికలు, మూడు నెలలవి. కరెంటు బిల్లు కట్టక లైన్‌మన్ ఫ్యూజు పీకి పట్టుకెళ్ళాడు. బిల్లుకు డబ్బు లేక కాదు, చెక్కు మీద కార్యదర్శి సంతకం, కోశాధికారి సంతకం రెండూ ఉండాలి. చెక్కు పుస్తకం మా ఇంట్లో, నా బీరువాలో, నా తాళం కింద ఉంది. సభ్యత్వ రిజిస్టరూ అక్కడే.

మా ఉపాధ్యక్షులు ఆ మూడున్నర నెలలూ ప్రతి సాయంత్రం గ్రంథాలయం అరుగు మీదకు వచ్చి కూర్చునేవారట. ఆయన దగ్గర తాళంచెవి లేదు. పదిహేడేళ్ళలో రెండో చెవి చేయించి ఆయన చేతిలో పెట్టాలని నాకు ఒక్కసారైనా తట్టలేదు. ఆయన మీద నమ్మకం లేక కాదు, ఆ ఆలోచనే రాలేదు. పిల్లలు పుస్తకాల కోసం వచ్చి, ఆయన పక్కన కాసేపు కూర్చుని వెళ్ళిపోయేవారట.

మా ఊళ్ళో కార్యదర్శి పదవి ఖాళీ అయింది నేను ఆసుపత్రిలో చేరిన రోజున అని అందరూ అనుకున్నారు. నా లెక్కలో అది అంతకు చాలా ఏళ్ళ ముందే మొదలైంది. ఎవరో వచ్చి “నేను రాయనా మాస్టారూ” అని రశీదు పుస్తకం అడిగిన రోజున, “ఎందుకులేవయ్యా, నేను రాసేస్తాను” అన్నాను చూడండి, అప్పుడు మొదలైంది. ఊరు మెచ్చుకోలుగా అన్న మాట నిజానికి ఫిర్యాదుగా వినాల్సింది.

2

ఖాళీల గురించి మన దేశంలో అందరికన్నా జాగ్రత్తగా ఆలోచించినవారు రాజ్యాంగం రాసినవారు. రాష్ట్రపతి పదవి మరణం వల్లో రాజీనామా వల్లో ఖాళీ అయితే ఆరు నెలలు దాటకుండా ఎన్నిక జరగాలి. అంతవరకు ఉపరాష్ట్రపతి ఆ బాధ్యత చూస్తారు. కొత్తగా ఎన్నికైనవారికి మిగిలిన కాలం మాత్రమే కాదు, పూర్తి అయిదేళ్ళూ ఉంటాయి. ఎవరు చూస్తారు, ఎన్నాళ్ళలో నింపాలి, వచ్చినవారు ఎన్నాళ్ళుంటారు అనే మూడు ప్రశ్నలకూ జవాబు ముందే రాసి ఉంది.

అయినా ఒక సందు మిగిలిపోయింది. 1969 మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ గారు పదవిలో ఉండగానే మరణించారు. ఉపరాష్ట్రపతిగా ఉన్న వి.వి. గిరి గారు, మన తెలుగు బిడ్డ, బాధ్యతలు తీసుకున్నారు. ఆయన కూడా ఆ చోటు వదిలితే? రెండు కుర్చీలూ ఒకేసారి ఖాళీ అయితే ఎవరు చూడాలో రాజ్యాంగంలో పేరు పెట్టి చెప్పలేదు, పార్లమెంటు చట్టం చేసుకోవచ్చని మాత్రం ఉంది. అదే మే నెలలో పార్లమెంటు ఆ చట్టం చేసింది. ఇద్దరూ లేకపోతే సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి చూస్తారని అందులో రాసింది. జూలై 20న గిరి గారు రాష్ట్రపతి ఎన్నికలో నిలబడటానికి రాజీనామా చేశారు. ఆ రోజే ప్రధాన న్యాయమూర్తి హిదాయతుల్లా గారు రాష్ట్రపతి బాధ్యతలు చేపట్టారు. ఆగస్టు 24న గిరి గారు రాష్ట్రపతిగా ప్రమాణం చేసేదాకా నెలకు పైగా హిదాయతుల్లా గారే చూశారు. దేశం ఒక్క పూట కూడా ఆగలేదు.

చట్టం మే నెలలో వచ్చింది, అవసరం జూలైలో వచ్చింది. ఈ రెండు నెలల తేడా నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది. 1977 ఫిబ్రవరిలో ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ గారు పోయినప్పుడు బి.డి. జత్తి గారు బాధ్యత చూశారు. ఆరు నెలల లోపే, జూలైలో, మన నీలం సంజీవరెడ్డి గారు ఏకగ్రీవంగా ఎన్నికై వచ్చారు. అప్పుడూ గడువు దాటలేదు.

ఇంటికి వెళ్ళాక మీ సంఘం నిబంధనావళి ఒకసారి తీసి చూడండి. చాలా వాటిలో “ఏదేని పదవి ఖాళీ అయినచో కార్యవర్గము భర్తీ చేయవచ్చును” అని ఒక్క వాక్యమే ఉంటుంది. మాది అలాగే ఉండేది. చేయవచ్చును అంటే చేయకపోయినా అడిగే దిక్కు లేదు. ఎన్ని రోజుల్లో? ఈలోపు చెక్కు మీద సంతకం ఎవరిది? కొత్త మనిషి పాతవారి మిగిలిన కాలానికా, పూర్తి కాలానికా? లోక్‌సభ ఉప ఎన్నికలో గెలిచినవారికి మిగిలిన కాలమే, రాష్ట్రపతికి పూర్తి కాలం. మీకేది కుదిరితే అది పెట్టుకోండి, కానీ రాసిపెట్టుకోండి. మేము ముప్ఫై రోజులని రాసుకున్నాం. ఆ ముప్ఫై రోజులూ ఉపాధ్యక్షుల సంతకం చెల్లుతుందని బ్యాంకుకు ముందే తీర్మానం నకలు ఇచ్చి వచ్చాం.

3

తాత్కాలికం అన్నది తెలుగువాళ్ళకు బాగా తెలిసిన మాట. ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలకు 2013లో ఎన్నికలు జరిగాయి. ఆ పాలకవర్గాల గడువు 2018లో తీరింది. తర్వాత ఏళ్ళ తరబడి ఆ సంఘాలు పర్సన్ ఇన్‌చార్జిల చేతిలోనే నడిచాయి. ఇన్‌చార్జి మంచివాడే కావచ్చు. కానీ రైతు వచ్చి ఆయన్ని మార్చలేడు, ఆయన చేసిన పనికి ఓటు వేయలేడు. పదేళ్ళు అలా గడిస్తే, సంఘం నడపడం తెలిసిన తరం ఒకటి ఊళ్ళో పుట్టకుండానే పోతుంది. దీన్ని నేను డబ్బు నష్టం కన్నా పెద్ద నష్టమని అనుకుంటాను.

ఇదే తెలుగు నేల మీద దీనికి మంచి మందు కూడా తయారైంది. 1997లో సాగునీటి వ్యవస్థల యాజమాన్యాన్ని రైతులకు అప్పగిస్తూ చట్టం చేశారు. అప్పట్లో పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలకు ఎన్నికలు జరిగాయి. ప్రపంచమంతా వచ్చి చూసిన ప్రయోగం అది. మొదట్లో అందరి కాలమూ ఒకేసారి ముగిసేది. ఒకేసారి ముగిస్తే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. ఎన్నిక వాయిదా పడిన రోజున తూము లెక్క తెలిసినవారు ఒక్కరూ పదవిలో మిగలరు. 2003 సవరణ దాన్ని మార్చింది. సభ్యుల కాలం ఆరేళ్ళు చేసి, రెండేళ్ళకోసారి మూడో వంతు మంది దిగిపోవాలంది. రాజ్యసభ పద్ధతే. ఎప్పుడు చూసినా మూడింట రెండు వంతుల మంది పని తెలిసినవాళ్ళే కుర్చీల్లో ఉంటారు.

ఆ ఎన్నికలే సకాలంలో జరగక వరస తప్పిపోయింది, ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరులో గానీ మళ్ళీ నీటి సంఘాలకు ఎన్నికలు రాలేదు. అయినా ఆ ఆలోచన మనం అరువు తెచ్చుకోదగ్గది. మా గ్రంథాలయ కార్యవర్గంలో పదకొండు మందికి ఇప్పుడు మూడు తేదీలున్నాయి. ముగ్గురో నలుగురో దిగుతారు, అంతమందే ఎక్కుతారు. ఇలాంటిదే ఇంకో పద్ధతి ఉంది. అమెరికాలో మనవాళ్ళ తానా సంస్థలో కార్యనిర్వాహక ఉపాధ్యక్షులుగా ఎన్నికైనవారే తర్వాతి దఫాకు అధ్యక్షులవుతారు. ముందు పక్కన కూర్చుని చూడటం, తర్వాత ఆ కుర్చీలో కూర్చోవడం. పెద్ద సంస్థకు పనికొచ్చింది అరుగు మీది గ్రంథాలయానికీ పనికొస్తుంది.

4

ఇప్పుడు అసలు చిక్కు. నిబంధనలన్నీ రాసుకున్నాం, మనుషులేరీ?

సర్వసభ్య సమావేశం ఒకసారి కళ్ళ ముందుకు తెచ్చుకోండి. “కార్యదర్శి పదవికి పేర్లు చెప్పండి” అని అధ్యక్షులంటారు. ఫ్యాను చప్పుడు వినిపిస్తుంది. అందరూ నేల చూపులు చూస్తారు. అప్పుడు ఎవరో ఆ రోజు సభకు రాని మనిషి పేరు చెబుతారు. చప్పట్లు. ఏకగ్రీవం. సాయంత్రం ఆయనకు ఫోను చేసి చెబుతారు, పెద్దవాళ్ళ మాట కాదనలేక మొహమాటానికి సరేనంటారు. ఉగాదికి ఒప్పుకున్న మనిషి దసరాకు కనిపించరు. వెనక వరసలో తలలూపుతున్నారు, మీ ఊళ్ళోనూ ఇంతేనన్నమాట. రాజీనామా చేసిన ఖాళీ కనీసం కనిపిస్తుంది. మొహమాటంతో నింపిన ఖాళీ కనిపించదు, పుస్తకంలో పేరుంటుంది కాబట్టి ఎవరూ దాన్ని నింపరు.

జనంలో సేవాభావం తగ్గిపోయిందని పెద్దలు బాధపడుతుంటారు. నేనూ ఒకప్పుడు అలాగే అనేవాణ్ణి. ఇప్పుడు అననుగాక అనను. ఎందుకంటే నేను ఆసుపత్రి నుంచి తిరిగొచ్చాక వచ్చిన వానాకాలం మేము ఒక పని చేశాం. కార్యదర్శి చేసే పనులన్నీ ఒక్కొక్కటే తెల్లకాగితం మీద రాశాం. పేపరు బిల్లు సరిచూడటం. కరెంటు బిల్లు కట్టడం. చందా రశీదులు రాయడం. కొత్త పుస్తకాలకు నంబర్లు వేయడం. అట్టలు ఊడినవి బైండింగుకు ఇచ్చి తేవడం. సమావేశం నోటీసు పంపడం, మినిట్స్ రాయడం. వానలకు ముందు పైకప్పు చూడటం. నవంబరు వారోత్సవాలకు పిల్లల పోటీలు పెట్టడం. ఏటా సర్వసభ్య సమావేశం అయ్యాక కార్యవర్గం జాబితా రిజిస్ట్రార్ ఆఫీసులో దాఖలు చేయడం, 2001 నాటి సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం అడిగేది ఇది. మొత్తం ఇరవై రెండు తేలాయి. పంతొమ్మిది నేను ఒక్కణ్ణే చేస్తున్నాను. ఒక్కో దాని పక్కన నెలకు ఎంత సేపు పడుతుందో కూడా రాశాం. పేపరు బిల్లుకు పావుగంట. రశీదులకు రెండు గంటలు.

ఆ కాగితం గోడకు అంటించాం. కార్యదర్శి పదవికి ఒక్క చెయ్యి లేవని ఊళ్ళో, పావుగంట పేపరు బిల్లుకు నలుగురు ముందుకొచ్చారు.

బస్టాండు దగ్గర జిరాక్సు సెంటరు నడిపే ఒక అమ్మాయి ఆ కాగితం చదివి, “పదవీ గిదవీ నాకొద్దు మాస్టారూ, ఆ రశీదు పుస్తకం ఇవ్వండి చాలు” అంది. ఇచ్చాను. అంతకుముందు మా కార్యవర్గంలో స్త్రీ అంటూ లేదు. పుస్తకాలు తీసుకెళ్ళేవాళ్ళలో సగం మంది ఆడవాళ్ళు, పిల్లలే అయినా మాకది లోటుగా తోచలేదు. విద్యాహక్కు చట్టం బడి కమిటీల్లో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులుండాలనీ, సగం మంది స్త్రీలుండాలనీ 2009లోనే రాసింది. చట్టం రాయకపోతే అక్కడా మనలాంటివాళ్ళమే కూర్చుని ఉండేవాళ్ళం.

ఆ అమ్మాయి చేతిలో రశీదులు పడ్డాక చందాలు నెల నెలా వసూలవడం మొదలైంది. ఎనిమిది నెలలు గడిచాక మా కోశాధికారి గారే అడిగారు, నాకు సాయంగా ఉండమ్మా అని. ఆయనకు డెబ్భై ఆరేళ్ళు, బ్యాంకులో పనిచేసి రిటైరైనవారు. మూడు నెలల పాటు ప్రతి మొదటి ఆదివారం ఇద్దరూ కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చునేవారు. “అమ్మాయ్, ఓచరు లేకుండా రూపాయి కదలకూడదు. కొట్టివేత ఉంటే పక్కన సంతకం ఉండాలి. తెల్లరంగు పూయకూడదు.” పాస్‌బుక్కులో అంకె మీద ఆయన వేలు పెడితే, క్యాష్‌బుక్కులో అదే అంకె మీద ఈమె వేలు పెట్టాలి. రెండు వేళ్ళూ అలా వరస వెంట కిందికి దిగడం నేను చూశాను. ఎక్కడైనా ఆగితే తేడా దొరికినట్టు.

మరుసటి ఏడు ఆమె కోశాధికారి అయింది. సభలో ఆమె పేరు ప్రతిపాదించినప్పుడు ఎవరూ నేల చూపులు చూడలేదు. ఆమె వేసిన తొలి చెక్కు సంతకం కలవలేదని వెనక్కి వచ్చింది. ఆ సాయంత్రం జిరాక్సు సెంటరులో పాడైన కాగితాల వెనక సంతకాలు చేస్తూ కూర్చుంది. రెండో చెక్కు పాసైంది.

5

చివరి సంగతి దిగిపోవడం. ఇది నాకు అన్నిటికన్నా కష్టమైంది, కనుక దాచకుండా చెబుతాను.

ముందు ఒక పాత సంగతి. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పుట్టింది. రావిచెట్టు రంగారావు గారి ఇంట్లోనే మొదలైంది, మొదటి కార్యదర్శి కూడా ఆయనే. 1910లో, చిన్న వయసులోనే, ఆయన వెళ్ళిపోయారు. తొమ్మిదేళ్ళ పసి సంస్థకు నీడ ఇచ్చిన మనిషి, నడిపిన మనిషి ఒక్కరే, ఆ ఒక్కరూ లేకపోయారు. సుల్తాన్ బజారులో ఆ నిలయం ఇవాళ్టికీ ఉంది. వేటపాలెం సారస్వత నికేతనం 1918లో మొదలైంది, నూరేళ్ళు దాటింది. ఈ నూరేళ్ళలో ఎన్ని చేతులు మారితే ఆ బీరువాలు ఇప్పటికీ తెరుచుకుంటున్నాయో ఊహించుకోండి. వాళ్ళలో చాలామంది పేర్లు మనకు తెలియవు. నాకు వాళ్ళందరి మీదా పేరు తెలిసినవాళ్ళ మీద ఉన్నంత గౌరవం ఉంది.

ఇక నా సంగతి. నేను దిగే తేదీ ఏడాది ముందే తీర్మానంలో రాయించాను. రాయించకపోతే నన్ను నేను నమ్మలేను. ఆ ఏడాదంతా సహాయ కార్యదర్శి మినిట్స్ రాశాడు, నేను పక్కన కూర్చున్నాను. అతను రాసింది నాకు నచ్చని రోజులున్నాయి. “సభ్యులు ఆమోదించిరి” అని నేను రాసేచోట అతను “అందరం ఒప్పుకున్నాం” అని రాశాడు. కలం అందుకోబోయి ఆగాను. అతని వాక్యమే ఇప్పుడు మా పుస్తకంలో ఉంది, అందరికీ అర్థమవుతోంది.

అప్పగింత రోజున బల్ల మీద పరిచినవి ఇవి: తాళాల గుత్తి, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టు, నిబంధనావళి, మూడు మినిట్స్ పుస్తకాలు, సభ్యత్వ రిజిస్టరు, పాస్‌బుక్కు, చెక్కు పుస్తకం, పాన్ కార్డు, కరెంటు సర్వీసు నంబరు రాసిన చీటీ, వాట్సాప్ గ్రూపులో అడ్మిన్ హక్కు, ఇంకా నా తలలో తప్ప ఎక్కడా లేని సంగతులు రాసిన ఎనభై పేజీల నోటుపుస్తకం. ఏ బీరువా తలుపు ఎత్తిపట్టి తియ్యాలో, ఏ దాత ఇంటికి సంక్రాంతి ముందు వెళితే చందా ఇస్తారో, ఏ పుస్తకం ఎవరింట్లో ఉండిపోయిందో. ఆ పుస్తకం రాయడానికి నాకు రెండు నెలలు పట్టింది. రాస్తూ ఉండగా తెలిసింది, ఇన్నాళ్ళూ ఇదంతా ఎవరికీ చెప్పకుండా నా దగ్గరే ఉంచుకున్నానని.

అప్పగింత అయ్యాక ఆరు నెలలు గ్రంథాలయానికి పాఠకుడిగానే వెళ్ళాను. పాత కార్యదర్శి గదిలో కూర్చుంటే జనం కొత్తవాణ్ణి వదిలి పాతవాణ్ణే అడుగుతారు. ఎవరైనా వచ్చి “మాస్టారూ, చందా ఎవరికివ్వాలి” అంటే ఆ అమ్మాయి వైపు చూపించి మళ్ళీ పేపరు చదువుకునేవాణ్ణి. ఇప్పుడు మా గ్రంథాలయానికి మూడు తాళంచెవులున్నాయి. ఒకటి కార్యదర్శి దగ్గర, ఒకటి ఊడ్చే కుర్రాడి దగ్గర, మూడోది మా ఉపాధ్యక్షుల దగ్గర. ఆయన ఇప్పటికీ రోజూ సాయంత్రం వస్తారు. తలుపు ఆయనే తీస్తారు.

ఒక్క విన్నపం చేసి సెలవు తీసుకుంటాను. బయట పుస్తకాల బల్ల పక్కన ఒక నోటుపుస్తకం పెట్టాం. అందులో నాలుగు గడులు గీశాం: పేరు, ఫోను నంబరు, నెలకు ఇవ్వగల గంటలు, చేయగల పని ఒకటి. మీ ఊరి గ్రంథాలయం పేరు పైన రాయండి, ఆ కాగితం మీ కమిటీకి మేమే చేరుస్తాం. పావుగంట అయినా రాయండి. పెన్ను దారంతో కట్టే ఉంది.